సహప్రయాణికుని హక్కు: కోస్గి నుంచి శంషాబాద్ దాకా

కోస్గి ప్రయాణాల బరువు ఎరిగిన ఊరు. నారాయణపేట జిల్లా ఏర్పడక ముందు ఈ పట్టణం మహబూబ్‌నగర్ జిల్లాలో భాగం. కర్ణాటక సరిహద్దు ఎంతో దూరం లేదు. బజారులో కాసేపు నిలబడితే తెలుగు, దక్కనీ ఉర్దూ, అప్పుడప్పుడు కన్నడం చెవిన పడతాయి. చుట్టూ కంది, జొన్న చేలు, రాతి గుట్టలు, వానను నమ్ముకున్న నేల. వాన మొహం చాటేసిన ఏడాది పల్లెలకు పల్లెలే మూటలు కట్టుకుని పుణె, ముంబై దారి పట్టేవి. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా, ఎక్కడ కాలువ తవ్వినా అక్కడ పాలమూరు కూలీ ఉండేవాడు. ‘పాలమూరు లేబర్’ అన్న మాట అలా దేశమంతటా పాకింది. ఆ మాట పలికే గొంతులో జాలి ఉండేది, చులకన కూడా ఉండేది. కనుక పరాయిచోట ఎవరైనా తనను ఎలా పిలుస్తున్నారో, ఏ చూపుతో చూస్తున్నారో గుర్తుపట్టడం ఈ నేల మనుషులకు చిన్ననాటి నుంచే తెలుసు.

బాటసారి బలహీనుడన్న సంగతి ఇస్లాం ధర్మానికి తెలిసినంతగా మరెక్కడా కనిపించదేమో! ప్రయాణంలో ఉన్నవానికి నమాజు కుదించబడింది. ఉపవాసాన్ని మరో రోజుకు వాయిదా వేసుకునే వెసులుబాటు ఇవ్వబడింది. జకాత్ పొందడానికి అర్హులైన ఎనిమిది వర్గాలలో బాటసారికి కూడా చోటు దక్కింది. సొంత ఊళ్ళో ఎంత సంపన్నుడైనా పరాయి దారిలో చేయి ఖాళీ అయితే అతడు సహాయానికి అర్హుడే. ప్రయాణికుని వేడుకోలు దైవసన్నిధిలో తిరస్కరించబడదని దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) తెలిపారు. ఇల్లు, ఇరుగుపొరుగు, సొంత భాష, పరిచయం ఉన్న ముఖాలు అన్నీ వెనక మిగిలిపోయిన మనిషి అతడు. అతని చేతిలో మిగిలేది ఒక్క గౌరవమే. దాన్ని కూడా లాక్కుంటే ఇక అతనికి ఏం మిగులుతుంది?

దారి మారింది, తోడు మారింది

కోస్గి నుంచి హైదరాబాద్ వైపు వెళ్ళడానికి రెండు దారులు వాడుకలో ఉన్నాయి. ఒకటి పరిగి, చేవెళ్ళల మీదుగా నగరానికి. మరొకటి హన్వాడ మీదుగా మహబూబ్‌నగర్‌కు, అక్కడి నుంచి జడ్చర్ల చేరి 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కి బాలానగర్, షాద్‌నగర్, కొత్తూరుల గుండా శంషాబాద్‌కు. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం ప్రారంభమైన తరువాత పాలమూరు వాసులకు విమానం నగరం దాటి వెళ్ళి ఎక్కవలసిన వస్తువు కాకుండా పోయింది. రహదారి పక్క చేలల్లో కలుపు తీసే స్త్రీలు తలెత్తితే రెక్కల మీది అక్షరాలు కనిపించేటంత కిందుగా విమానాలు దిగుతుంటాయి.

వెనకటి తరం హజ్ యాత్రికుల కథ వేరు. వారు ముంబై దాకా రైలులోనో బస్సులోనో వెళ్ళి అక్కడ ఓడ ఎక్కేవారు. 1995లో ఆ ఓడ ప్రయాణాలు నిలిచిపోయాయి. ఓడలో వెళ్ళివచ్చిన పెద్దలు మక్కా మదీనాల గురించి ఎంత చెప్పేవారో, ఓడలోని తోడు గురించి అంత చెప్పేవారు. సముద్రం మీద రోజుల తరబడి ఒకే చోట వండుకుని, ఒకే జమాఅత్‌లో నిలబడి, ఒకరి వాంతిని మరొకరు కడిగి, తిరిగి వచ్చేసరికి బంధువులైపోయేవారు. ఎక్కడో కడప మనిషి, ఎక్కడో కోస్గి మనిషి, జీవితాంతం ఉత్తరాలు రాసుకునేవారు. నేడు జిద్దా ప్రయాణం కొన్ని గంటలది. పక్క సీటులోని మనిషి పేరు కూడా తెలియకుండానే దిగిపోవచ్చు. ప్రయాణం పొట్టిదైంది కనుక పక్కవాని హక్కు కూడా పొట్టిదైందా? ఈ ప్రశ్న నాకు ఒక ఉమ్రా ప్రయాణంలో ఎదురైంది.

మూట విప్పిన చోట

కోస్గి, మద్దూరు, నారాయణపేట ప్రాంతాల నుంచి బయలుదేరిన చిన్న బృందం మాది. అందులో ఒక వృద్ధురాలు ఉంది. అందరం ఆమెను ఖాలా అనే పిలిచాం. పల్లెలో పుట్టి పెరిగిన ఆమెకు తెలుగే ఇంటి భాష. దక్కనీ అర్థమవుతుంది కానీ నోట తొందరగా రాదు. భర్త పోయాక కూలి పని చేసి, మేకలు కాచి, ఏళ్ళ తరబడి కూడబెట్టిన సొమ్ముతో దైవగృహ దర్శనానికి బయలుదేరింది. మోకాళ్ళు అరిగిపోయాయి. చక్రాల కుర్చీ కావాలని టికెట్లతోపాటే చెప్పి ఉంచారు.

విమాన సంస్థ కౌంటరు వద్ద ఆమె వంతు వచ్చింది. పేరు జాబితాలో లేదు, కుర్చీ లేదు అన్నారు. ఆమెకు అర్థం కాలేదు. సంచి బరువు కాస్త ఎక్కువైంది. అది కూడా వేగమైన హిందీలో, మధ్య మధ్య ఇంగ్లీషులో చెప్పారు. అర్థం కాక ఆమె చిరునవ్వు నవ్వింది. మన పల్లె స్త్రీలు భాష తెలియని చోట మర్యాదకు నవ్వే నవ్వు అది. కౌంటరులోని యువతికి అది వెక్కిరింతలా తోచిందేమో, గొంతు పెంచింది. సంచి అక్కడే విప్పి బరువు తగ్గించమంది. బుర్ఖా సర్దుకుంటూ ఆ వృద్ధురాలు వంగలేక నేల మీదనే కూర్చుంది. పాత చీరలు, లోబట్టలు, జొన్నరొట్టెల మూట, పల్లీల పొడి డబ్బా ఒక్కొక్కటిగా వందమంది కళ్ళ ముందు నేల మీదికి వచ్చాయి. పక్క కౌంటరులోని ఒకరు రొట్టెల మూటను చూపి ఏదో అన్నారు. ఇద్దరు నవ్వారు. తరువాత ఆమెను వరుస పూర్తయ్యేదాకా ఒక పక్కన నిలబడమన్నారు.

ఆమె లేచి నిలబడి తెలుగులో అన్న మాట అక్కడున్న మాలో ఎవరం మరువలేదు: “నా తప్పేందో చెప్పండ్రి బిడ్డా, దిద్దుకుంట.”

నేను ముందుకు వెళ్ళి ఆ యువతితో ఉర్దూలో అన్నాను: “బేటీ, ఈమె మీ నానీ వయసు మనిషి. ‘తుమ్’ అనకండి, ‘ఆప్’ అనండి. బరువు సంగతి మేం చూసుకుంటాం.” వెనక్కి వెళ్ళి వరుసలో నిలబడమని సమాధానం వచ్చింది. అప్పుడు పక్క వరుసలో నుంచి ఒక యువకుడు వచ్చాడు. నిజామాబాద్ వైపు నుంచి గల్ఫ్‌కు పనికి పోతున్న కూలీ. నుదుట బొట్టు ఉంది. “మౌల్సాబ్, మీరుండండి. వీళ్ళ పెద్దసారు ఎవరో నాకెరుక” అని పర్యవేక్షకుని వద్దకు నేరుగా వెళ్ళాడు. అరవలేదు. టికెట్టు కాగితం మీద చక్రాల కుర్చీ గుర్తు ఉన్న చోట వేలు పెట్టి చూపాడు. “సార్, ఈ అవ్వ పైసలు కట్టింది. కుర్చీ మీరు రాసిచ్చిన్రు. ఇస్తరా, ఎందుకియ్యరో రాసిస్తరా?” అన్నాడు. రాసివ్వమన్న మాట పని చేసింది. పది నిమిషాల్లో కుర్చీ వచ్చింది. క్షమాపణ మాత్రం రాలేదు. ఆ సంస్థ పేరు ఇక్కడ అవసరం లేదు. అలాంటి ఘటన ఏ కౌంటరు వద్దనైనా జరగవచ్చు.

చూసినవారి గుండెలో ఏం జరుగుతుంది

విషయం అక్కడితో ముగిసిందని పైకి అనిపిస్తుంది. విమానం ఎక్కాక తెలిసింది, అది మా అందరి లోపల కొనసాగుతోందని. తల్బియా పలుకుతూ వెళ్ళవలసిన బృందం మౌనంగా ఉంది. ఒక నడివయసు వ్యక్తి భోజనం పొట్లం విప్పకుండానే తిరిగి ఇచ్చేశాడు. అతని తల్లి ముంబైలో ఇటుకలు మోసిన మనిషి. తల్లినే నేల మీద కూర్చోబెట్టినట్టు ఉందని మెల్లగా అన్నాడు. పన్నెండేళ్ళ బాలుడు తండ్రిని అడిగాడు: “అబ్బా, ఆ దాదీ ఏమైనా దొంగిలించిందా?” ఆ ప్రశ్నకు తండ్రి గబుక్కున జవాబు చెప్పలేకపోయాడు. పిల్లవాని లెక్క సూటిగా ఉంటుంది. అందరి ముందు శిక్ష పడిందంటే నేరం చేసి ఉండాలి. అవమానం కళ్ళముందు జరిగి ఎవరూ దాన్ని తప్పు అనకపోతే పిల్లలు నేర్చుకునే పాఠం ఇదే.

నేను గమనించిన మరో సంగతి ఉంది. మా వాళ్ళెవరూ ఖాలా ముఖం వైపు చూడటం లేదు. ఆమె సిగ్గుపడుతుందని జాలిపడి చూపు తిప్పుకుంటున్నారు. కానీ ఆమెకు అది ఎలా తోచింది? తనను వెలివేసినట్టు తోచింది. కిటికీ వైపు తిరిగి, బుర్ఖా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. కౌంటరు వద్ద ఇద్దరు నవ్వారు, ఇక్కడ నలభైమంది చూపు తిప్పుకున్నారు. రెండోది ప్రేమతో చేసిన పనే. అయినా గాయం మీద పడింది.

ఆ ముడిని విప్పింది నారాయణపేట నుంచి వచ్చిన మరో వృద్ధురాలు. ఆమె లేచి వచ్చి ఖాలా పక్కన కూర్చుని, “అక్కా, ఆకలైతుంది. నీ రొట్టె ఒకటియ్యరాదూ” అంది. ఏ మూటను చూసి కౌంటరు వద్ద నవ్వారో ఆ మూటే మళ్ళీ విప్పబడింది. రొట్టె చేతులు మారింది. పల్లీల పొడి వెనక వరుసలదాకా వెళ్ళింది. అడిగి తీసుకోవడంలో ఇవ్వడం కంటె గొప్ప దానం ఉంటుందని ఆ నిరక్షరాస్యురాలికి తెలుసు. ఖాలాను అది మళ్ళీ ఇంటి పెద్దను చేసింది, పెట్టే చేతిని చేసింది. తల్బియా తిరిగి మొదలైంది.

విజయవాడ విమానంలో ఒక తెలుగు స్త్రీ

మా ఖాలాకు ఎదురైనది ఆమె ఒక్కదాని అనుభవం కాదని పత్రికలు చదివేవారికి గుర్తుండే ఉంటుంది. 2022 సెప్టెంబరు 16న విజయవాడ నుంచి హైదరాబాద్‌కు వస్తున్న ఇండిగో విమానంలో ఒక స్త్రీని అత్యవసర ద్వారం పక్కనున్న 2ఏ సీటు నుంచి లేపి 3సీలో కూర్చోబెట్టారు. ఆమెకు తెలుగు తప్ప ఇంగ్లీషు, హిందీ రావన్నది కారణం. అది భద్రతకు సంబంధించిన విషయమని సిబ్బంది చెప్పారు. విమానం బయలుదేరినది ఆంధ్రప్రదేశ్‌లో, దిగవలసినది తెలంగాణలో. రెండు తెలుగు రాష్ట్రాల నడుమ గాలిలో తెలుగు పరాయిదైపోయింది!

న్యాయంగా ఆలోచించాలి. అత్యవసర ద్వారం పక్కన కూర్చున్నవారు ఆపద వేళ సిబ్బంది సూచనలు అర్థం చేసుకుని తలుపు తెరవగలగాలి. ఆ నియమం ప్రాణరక్షణ కోసం ఉన్నది, దాన్ని తప్పుపట్టలేము. ప్రశ్న మరొకటి. ఆ రెండు ఊళ్ళ మధ్య ఎగిరే విమానంలో ఆ సూచనలు తెలుగులో చెప్పే మనిషి ఒక్కరైనా ఎందుకు లేరు? సూచన చెప్పలేకపోయిన లోటు సంస్థది. దాని మూల్యం అర్థం చేసుకోలేకపోయావంటూ ప్రయాణికురాలు చెల్లించింది. భాషల, వర్ణాల వైవిధ్యాన్ని అల్లాహ్ తన సూచనలలో ఒకటిగా రూమ్ సూరాలో పేర్కొన్నాడు. ఆయన సూచన అయినదాన్ని ఒక మనిషి లోపంగా లెక్కించడం ఎంత దూరం పోతుందో మనం ఆలోచించాలి.

ఈ సంగతి లోకానికి ఎలా తెలిసింది? లేపబడిన స్త్రీ ఫిర్యాదు చేయలేదు. అదే విమానంలో ఉన్న మరో ప్రయాణికురాలు, ఉన్నత విద్యాసంస్థలో బోధించే అధ్యాపకురాలు, తెలుగు మాతృభాష కాని వ్యక్తి, చూసి ఊరుకోలేక సామాజిక మాధ్యమంలో రాసింది. సొంత రాష్ట్రంలోనే మనుషులు రెండో తరగతి పౌరులైపోతున్నారన్న ఆవేదన ఆమె మాటల్లో ఉంది. రెండు రోజుల తరువాత అప్పటి తెలంగాణ మంత్రి కె.టి.రామారావు స్పందించి, ప్రాంతీయ మార్గాల్లో స్థానిక భాషలు తెలిసిన సిబ్బందిని ఎక్కువగా నియమించుకోవాలని ఆ సంస్థను కోరారు. ఒక సహప్రయాణికురాలి మనసు నొచ్చకపోతే ఆ సీటు మార్పు ఎవరికీ తెలియకుండానే ముగిసిపోయేది.

రెండు చీటీలు

అదే ఏడాది మే 7న రాంచీ విమానాశ్రయంలో హైదరాబాద్‌కు రావలసిన ఇండిగో విమానం ఎక్కనివ్వకుండా ఒక దివ్యాంగ బాలుణ్ణి ఆపారు. బాలుడు భయాందోళనలో ఉన్నాడు, ఇతరుల భద్రతకు ఇబ్బంది అన్నారు. తల్లిదండ్రులు కొడుకును విడిచి ఎలా వస్తారు? వారూ ఆగిపోయారు. అక్కడున్న తోటి ప్రయాణికులు ఆ కుటుంబం పక్షాన నిలబడ్డారు. ప్రయాణికులలో ఉన్న వైద్యులు దారిలో ఏమైనా అయితే మేం చూసుకుంటామన్నారు. ఫలితం లేకపోయింది. అక్కడే ఉన్న ఒక స్త్రీ తాను చూసినదంతా వివరంగా రాసి బయటపెట్టింది. పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ విచారణ జరిపి, ఆ నెల 28న సంస్థకు 5 లక్షల రూపాయల జరిమానా విధించింది. జులైలో నియమాలు కూడా సవరించారు. వైకల్యాన్ని కారణంగా చూపి ఎవరినీ ఎక్కించుకోకుండా ఉండరాదు. ఆరోగ్యం విషయంలో అనుమానముంటే విమానాశ్రయంలో వైద్యునితో పరీక్ష చేయించి, ఆ అభిప్రాయం మేరకే నిర్ణయించాలి. ఒక సాక్షి రాసిన కాగితం, రేపు ఎక్కబోయే ఎందరో బిడ్డలకు రక్షణ అయింది.

ఇప్పుడు మరో చీటీ సంగతి చూడండి. 2006 నవంబరు 20న అమెరికాలోని మినియాపొలిస్‌లో ఇమాముల సమావేశం ముగించుకుని ఆరుగురు ఇమాములు ఫీనిక్స్ వెళ్ళే యూఎస్ ఎయిర్‌వేస్ విమానం ఎక్కారు. అంతకు ముందు వారిలో కొందరు విమానాశ్రయంలో మగ్రిబ్ నమాజు చేశారు. అది చూసిన ఒక ప్రయాణికుడు అనుమానంతో చీటీ రాసి సిబ్బందికి అందించాడు. ఆరుగురినీ దించి, బేడీలు వేసి, గంటల తరబడి ప్రశ్నించి వదిలారు. వారిపై ఏ నేరమూ నిలవలేదు. వారు న్యాయస్థానాన్ని ఆశ్రయించగా 2009లో ఆ వ్యాజ్యం రాజీతో ముగిసింది.

ఒక సహప్రయాణికురాలి రాత బాధితునికి అండ అయింది. ఒక సహప్రయాణికుని రాత నిరపరాధులకు సంకెల అయింది. ఇద్దరూ పక్కన కూర్చుని చూసినవారే. ఒకరు ఎదుటి మనిషి ముఖంలో బాధను చూశారు, మరొకరు అతని గడ్డంలో, నమాజులో ప్రమాదాన్ని చూశారు. అనుమానాలలో చాలావాటికి దూరంగా ఉండమని, కొన్ని అనుమానాలు పాపమని హుజురాత్ సూరాలో అల్లాహ్ హెచ్చరించడంలోని లోతు ఇక్కడ తెలుస్తుంది. ఇది ఇతరుల కోసమే చెప్పిన మాట కాదు. బస్సులో, రైలులో మన పక్కన కూర్చున్న మనిషి కట్టును, కులాన్ని, పేదరికాన్ని చూసి మన మనసులో రాసుకునే చీటీ ఎలాంటిదో మనమూ చూసుకోవాలి.

ఓర్పు ఎవరిది, మౌనం ఎవరిది

హోదా ఉన్నవారు ఈ బాధకు అతీతులని అనుకోవడానికి వీలు లేదు. 2009 ఏప్రిల్ 21న ఢిల్లీ విమానాశ్రయంలో అమెరికాకు బయలుదేరిన మాజీ రాష్ట్రపతి ఏ.పి.జె.అబ్దుల్ కలాంను కాంటినెంటల్ ఎయిర్‌లైన్స్ సిబ్బంది విమానం ఎక్కే ముందు తనిఖీ చేశారు. మాజీ రాష్ట్రపతులకు అలాంటి తనిఖీ నుంచి మినహాయింపు ఉంది. ఆయన అభ్యంతరం చెప్పలేదు, తరువాత ఫిర్యాదూ చేయలేదు. విషయం జులైలో పార్లమెంటుకు చేరి సభ్యులు మండిపడిన తరువాతే సంస్థ క్షమాపణ చెప్పింది.

ఇందులో మనకు ఒక సూక్ష్మమైన పాఠం ఉంది. ఓర్చుకోవడం కలాం గారి ఔన్నత్యం. దాన్ని చూసి పార్లమెంటు కూడా ఓర్చుకుని ఉంటే అది ఔన్నత్యం అయ్యేది కాదు. సబ్ర్ బాధితునికి ఉన్న హక్కు, బాధితునికి దక్కే పుణ్యం. చూసేవాడు ఆ సబ్ర్‌ను అరువు తెచ్చుకుని తన మౌనానికి పేరుగా పెట్టుకోరాదు. మన సమాజంలో ఈ పొరపాటు తరచుగా జరుగుతుంది. “ఆమే ఊరుకుంది, మనకెందుకు” అంటాము. ఆమె ఊరుకున్నది భయంతోనా, భాష రాకనా, దైవంపై భారం వేసినా అన్నది ఆమెకూ ఆమె ప్రభువుకూ మధ్య విషయం. మనం ఊరుకున్నది ఎందుకన్నది మనకూ మన ప్రభువుకూ మధ్య విషయం.

ఖుర్ఆన్ గుర్తుచేసిన పక్కవాడు

నిసా సూరా 36వ ఆయత్‌లో అల్లాహ్ తన ఆరాధన వెనువెంట తల్లిదండ్రుల, బంధువుల, అనాథల, నిరుపేదల హక్కులను, దగ్గరి పొరుగువాని, దూరపు పొరుగువాని హక్కులను ప్రస్తావించాడు. ఆ వరుసలోనే ‘సాహిబ్ బిల్ జంబ్’ అన్న మాట వస్తుంది. పక్కన ఉన్న సహచరుడు అని దాని భావం. భార్య అని కొందరు వ్యాఖ్యాతలు చెప్పగా, ప్రయాణంలో తోడున్నవాడు అని అనేకులు చెప్పారు. కాసేపే పక్కన కూర్చున్నవాడు కూడా ఇందులోకి వస్తాడని వివరించారు. అంటే పొరుగువాని హక్కు ఇంటి గోడతో ఆగిపోలేదు. బస్సు సీటుకు, రైలు బెర్తుకు, విమానంలోని 3సీకి కూడా పొరుగు ఉంది. అతడు ముస్లిమా, హిందువా, తెలుగువాడా, తమిళుడా అన్న షరతు ఆ మాటలో లేదు. మా ఖాలా కోసం కదిలిన నిజామాబాద్ యువకునికి ఆ ఆయత్ తెలియకపోవచ్చు. ఆ పొరుగు ధర్మాన్ని మాత్రం అతడు పాటించి చూపాడు.

చెడును చూసినవాడు చేతితో మార్చాలని, సాధ్యం కాకుంటే నాలుకతో, అదీ సాధ్యం కాకుంటే మనసులో అసహ్యించుకోవాలని, ఆ చివరిది విశ్వాసపు అతి బలహీన స్థితి అని దైవప్రవక్త (స) బోధించారు. ఈ హదీసు మన ఇళ్ళలో పిల్లలకు కూడా తెలుసు. విమానంలో చేతికి అవకాశం తక్కువ. నాలుకకు ఎంతో ఉంది. మనసు నొచ్చుకోవడం చిన్న విషయమేమీ కాదు. భోజనం పొట్లం తిరిగి ఇచ్చేసిన ఆ మనిషి బాధలో విశ్వాసం ఉంది. అయితే అది మొదటి మెట్టు. అక్కడే కూర్చుండిపోతే ఆ నొప్పి కొన్నాళ్ళకు మొద్దుబారుతుంది, మరోసారి చూసినప్పుడు అంత నొప్పి కూడా కలగదు.

సోదరుని పరువును కాపాడినవాని ముఖాన్ని ప్రళయదినాన అల్లాహ్ అగ్ని నుంచి కాపాడతాడన్న శుభవార్త కూడా ప్రవక్త (స) ఇచ్చారు. ప్రయాణాలలో ఆయన స్వయంగా బిడారు చివరన ఉండేవారని జాబిర్ (రజి) తెలిపారు. నడవలేక వెనకబడినవారిని ముందుకు నడిపించేవారు, తన వెనక ఎక్కించుకునేవారు, వారికోసం దుఆ చేసేవారు. నాయకుని స్థానం ముందు కదా! ఆయన వెనక ఎందుకు ఉన్నారు? బలహీనులు ఉండేది అక్కడే కనుక. గుడ్డివారైన అబ్దుల్లాహ్ బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి) విషయంలో అల్లాహ్ అబస సూరాను అవతరింపజేసి, పెద్దల కొలువు కంటె ఆ ఒక్క మనిషి రాక విలువైనదని ప్రళయం వరకు చదవబడేలా నిలిపాడు. కౌంటరుకు అటువైపు కూర్చునే ఉద్యోగం చేసే ప్రతి ముస్లిం యువతీయువకుడూ ఈ సూరాను అర్థంతో చదవాలి.

మన వంతు

మొదటిది, ప్రయాణానికి ముందే తెలుసుకోవడం. నడవలేని పెద్దలకు చక్రాల కుర్చీ సమకూర్చడం విమాన సంస్థ బాధ్యత. టికెట్ కొనేటప్పుడే అడిగి, ఆ వివరం టికెట్టు మీద ఉందో లేదో చూసుకోవాలి. ఇది చిన్న విషయం కాదు. 2024 ఫిబ్రవరి 12న ముంబైలో దిగిన 80 ఏళ్ళ వృద్ధుడు కుర్చీ ఒక్కటే రావడంతో భార్యను అందులో కూర్చోబెట్టి తాను నడిచి, ఇమ్మిగ్రేషన్ వద్ద కుప్పకూలి మరణించాడు. ఎయిర్ ఇండియాకు 30 లక్షల రూపాయల జరిమానా పడింది. అలాగే ఖాయమైన టికెట్ ఉండి వేళకు చేరుకున్నవారిని సీట్లు చాలవంటూ ఆపితే, గంటలోపు మరో విమానంలో చోటివ్వాలి, లేదా నియమాల మేరకు పరిహారం చెల్లించాలి. ఫిర్యాదును మొదట సంస్థకు రాతపూర్వకంగా ఇవ్వాలి. అక్కడ న్యాయం జరగకపోతే కేంద్ర ప్రభుత్వ ఎయిర్‌సేవ వేదిక ఉంది. ఉమ్రా, హజ్ బృందాలలో ఇంగ్లీషు తెలిసిన ఒక యువకుణ్ణి పెద్దల కోసం ప్రత్యేకంగా నియమించడం బృంద నాయకులు అలవాటు చేసుకోవాలి.

రెండోది, జరిగినప్పుడు నిలబడటం. గొంతు పెంచనవసరం లేదు. దూషణ అసలే వద్దు. కౌంటరులోని యువతి కూడా ఎవరింటి బిడ్డో, నిద్రలేని రాత్రి ఉద్యోగంలో ఉందో తెలియదు. ప్రయాణికులు సిబ్బందిని కించపరచిన ఘటనలూ తక్కువేమీ లేవు, అదీ జుల్మే. దౌర్జన్యం చేసేవాని చేతిని ఆపడమే అతనికి చేసే సహాయమని ప్రవక్త (స) నేర్పారు. కనుక మన మాట ఇద్దరికీ మేలు చేసేదిగా ఉండాలి. పక్కకు వెళ్ళి నిలబడి, “నేను ఈమె తోటి ప్రయాణికుణ్ణి, ఏమిటి విషయం?” అని అడిగినా చాలు. ఒంటరి మనిషి ఒంటరి కాకుండా పోతాడు. చూసినదాన్ని తేదీ, వేళతో సహా రాసి ఇవ్వడం సాక్ష్యం. సాక్ష్యాన్ని దాచరాదని ఖుర్ఆన్ ఆజ్ఞ. అయితే బాధితుని ముఖాన్ని ఫోనులో తీసి ఊరంతా తిప్పడం వేరు, అది రెండోసారి మూట విప్పించడమే అవుతుంది.

మూడోది అన్నిటికంటె తేలిక, అన్నిటికంటె తరచుగా మరిచిపోయేది. గొడవ ముగిశాక ఆ మనిషి పక్కన కూర్చోవడం. చూపు తిప్పుకోకుండా పలకరించడం, ఒక రొట్టె అడిగి తినడం. పక్కనున్న పిల్లవానికి, ఆ దాదీ ఏ తప్పూ చేయలేదని, తప్పు ఆమెను అవమానించినవారిదని స్పష్టంగా చెప్పడం.

కోస్గి బస్టాండులో ఇవాళ కూడా ఎవరో ఒకరు మూట భుజాన వేసుకుని బస్సు కోసం నిలబడి ఉంటారు. కొందరు కూలికి, కొందరు చదువుకు, కొందరు దైవగృహానికి. వారి పక్కన ఎవరు కూర్చుంటారో వారికి తెలియదు. ఆ కూర్చునేవారు మనమే కావచ్చు. పక్కనున్నవాని హక్కును గుర్తించే చూపును, ఆ హక్కు కోసం పలికే నాలుకను, నొచ్చిన మనసును ఓదార్చే మాటను అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ప్రయాణాలలో ఉన్న మన పెద్దలందరినీ గౌరవంగా గమ్యం చేర్చుగాక! ఆమీన్.